మొక్క మందే కదా అని మింగే ముందు నాలుగు ప్రశ్నలు



ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది, ఓపిగ్గా చదవండి. విషయం సైన్సుదే గానీ మన ఇళ్లలో ఆడపిల్లలకు సంబంధించింది, మన అడవికి సంబంధించింది. మేము డిగ్రీ బీజెడ్‌సీ చదువుతున్నాం. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే క్లాసులో విన్నది, పుస్తకాల్లో చదివింది మన భాషలో మన వాళ్లకు చెప్పడం మా పని అనుకుంటున్నాం.

ఈమధ్య హాస్టళ్ల చుట్టూ, సంతల్లో, ఫోన్లలో ఒక రకం పొడి డబ్బాలు బాగా తిరుగుతున్నాయి. డబ్బా మీద ఆకు బొమ్మ ఉంటుంది. కింద "హార్మోన్ బ్యాలెన్స్", "నెలసరి సమస్యలకు సహజ పరిష్కారం", "అడవి మూలికలు, సైడ్ ఎఫెక్టులు ఉండవు" అని రాసి ఉంటుంది. కొన్నిటి మీద "శాస్త్రీయంగా పరీక్షించబడింది" అని కూడా ఉంటుంది. దేని మీద పరీక్షించారు అని అమ్మేవాళ్లను అడిగితే "ఎలుకల మీద చేశారు, అంతా బాగానే వచ్చింది" అంటారు. మా హాస్టల్లో కూడా కొందరు మెస్ ఖర్చుల్లో మిగిల్చుకుని మరీ కొన్నారు.

దీని మీద మన వాళ్లలో రెండు మాటలు వినబడుతున్నాయి. ఒకటి, "ఎలుకల మీద నిరూపించారు కదా, ఇంకేం భయం" అనేది. రెండోది, "మన తాతలు ఎప్పటి నుంచో వాడుతున్న మొక్కకు ఎలుక సర్టిఫికెట్ ఎందుకు" అనేది. రెండూ తప్పే అని మా అభిప్రాయం. జంతువుల మీద పరీక్ష కావాలి. అయితే ఆ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పిందో తెలియకుండా దాన్ని మన ఒంటికి అతికించుకోకూడదు. ఎందుకో చెప్తాం.

ముందు అసలు సంగతి. ఈస్ట్రోజెన్ అనేది ఆడవాళ్ల శరీరంలో ఎక్కువగా తయారయ్యే హార్మోన్. నెలసరి, గర్భసంచి, రొమ్ములు, ఎముకల బలం అన్నిటికీ దానితో పని ఉంది. కణాల్లో దాన్ని పట్టుకునే రిసెప్టర్లు ఉంటాయి. కొన్ని మొక్కల్లో ఉండే పదార్థాలు హార్మోన్లు కాకపోయినా, వాటి ఆకారం దగ్గరగా ఉండటం వల్ల ఆ రిసెప్టర్లలో ఇరుక్కుంటాయి. వేరేవాళ్ల చెప్పు మన కాలికి కొంత పట్టినట్టు అన్నమాట. నడవొచ్చు గానీ మన చెప్పు వేసుకున్నట్టు ఉండదు. వీటినే ఫైటో ఈస్ట్రోజెన్లు అంటారు. సోయాలో ఉండే జెనిస్టీన్, డైడ్జీన్ అలాంటివే. చిక్కుడు జాతి మొక్కల్లో ఇవి ఎక్కువ. పైగా రిసెప్టర్ ఒకటి కాదు, రెండు రకాలు ఉన్నాయి. రెండోది 1996లోనే బయటపడింది. జెనిస్టీన్ లాంటివి ఆ రెండోదాన్నే ఎక్కువ పట్టుకుంటాయి. రెండు రిసెప్టర్లూ ఒంట్లో అన్ని చోట్లా ఒకే మోతాదులో ఉండవు. అందుకే ఒక పదార్థం ఒక అవయవంలో ఈస్ట్రోజెన్ లాగా పనిచేసి, ఇంకో చోట అసలు ఈస్ట్రోజెన్‌కే అడ్డం పడొచ్చు. "ఈస్ట్రోజెన్ పెంచుతుంది" అని డబ్బా మీద ఒక్క ముక్కలో రాసేంత చిన్న సంగతి కాదిది.

ఈ విషయం లోకానికి పెద్దగా తెలిసింది గొర్రెల వల్ల. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో రైతులు సబ్‌టెరేనియన్ క్లోవర్ అనే మేత మొక్కను విస్తారంగా వేశారు. మేత బాగానే పెరిగింది, గొర్రెలూ బలిశాయి. కానీ ఆడ గొర్రెలకు కడుపు నిలవడం మానేసింది. కొన్ని ఈనలేక చచ్చాయి, కొన్నిటికి గర్భసంచి బయటికి జారింది. విత్తులు తీసిన మగ గొర్రెల పొదుగుల్లో పాలు కూడా వచ్చాయి. 1946లో బెన్నెట్స్, అండర్‌వుడ్, షియర్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు దీని మీద పేపరు రాశారు. కారణం ఆ మేతలోనే ఉందని చెప్పారు.

అసలు పాఠం ఆ తర్వాత ఉంది. మేతలో ఏ పదార్థం దోషి అని వెతికినప్పుడు మొదట చుంచెలుకల మీద పరీక్షించారు. వాటిలో జెనిస్టీన్ బాగా పనిచేసింది, కాబట్టి అదే దోషి అనుకున్నారు. అదే మొక్కలో ఫార్మోనోనెటిన్ అని ఇంకొకటి ఉంది. అది చుంచెలుకల్లో పెద్దగా ఏమీ చూపించలేదు. తీరా చూస్తే గొర్రె నెమరువేసే పెద్దపొట్టలో ఉండే సూక్ష్మజీవులు జెనిస్టీన్‌ను విరగ్గొట్టి పనికిరాకుండా చేస్తున్నాయి. ఫార్మోనోనెటిన్‌నేమో మొదట డైడ్జీన్‌గా, తర్వాత ఈక్వోల్ అనే బలమైన పదార్థంగా మారుస్తున్నాయి. అంటే ఎలుకలో నేరస్తుడిగా కనబడింది గొర్రెలో అమాయకుడు, ఎలుకలో అమాయకంగా కనబడింది గొర్రెలో నేరస్తుడు. ఈ సంగతి తేలాకే ఫార్మోనోనెటిన్ తక్కువ ఉండే క్లోవర్ రకాలను తయారు చేసుకున్నారు. జంతువుల మీద పరీక్షే లేకపోతే ఆ రైతులకు దారి దొరికేది కాదు. ఒక్క జంతువుతో ఆగిపోయి ఉన్నా దారి దొరికేది కాదు.

మరి "ఎలుకల మీద పరీక్షించారు" అంటే నిజంగా ఏం చేస్తారు? ఎక్కువగా వాడేది గర్భసంచి బరువు పరీక్ష. దానికి 2007లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 440 నంబరుతో ఒక పద్ధతి ఖాయం చేసింది. ఇంకా ఈడుకు రాని ఆడ ఎలుక పిల్లల్ని గానీ, అండాశయాలు తీసేసిన పెద్ద ఎలుకల్ని గానీ తీసుకుంటారు. అంటే వాటి ఒంట్లో సొంత ఈస్ట్రోజెన్ దాదాపు లేకుండా చూస్తారు. పరీక్షించాల్సిన పదార్థాన్ని కనీసం మూడు రోజులు వరుసగా ఇస్తారు. చివరి మోతాదు తర్వాత 24 గంటలకు ఎలుకను చంపి గర్భసంచి తీసి తూకం వేస్తారు. ఏమీ ఇవ్వని ఎలుకల కంటే బరువు పెరిగితే ఆ పదార్థానికి ఈస్ట్రోజెన్ గుణం ఉన్నట్టు. అంతకు ముందు, 1923లోనే అలెన్, డోయిసీ అనే ఇద్దరు యోని కణాలను మైక్రోస్కోపులో చూసి చెప్పే పరీక్ష కనిపెట్టారు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ల్యాబ్ ఎలుకల దాణాలో మామూలుగా సోయా పిండి కలుపుతారు. సోయాలోనే ఫైటో ఈస్ట్రోజెన్ ఉంది కదా! అంటే ఏమీ ఇవ్వలేదు అనుకున్న ఎలుక కూడా రోజూ కొంత తింటూనే ఉంది. అందుకే ఆ 440 పద్ధతిలో, ఒక గ్రాము దాణాలో జెనిస్టీన్ లెక్కన 350 మైక్రోగ్రాములకు మించకూడదని హద్దు పెట్టారు. దాణా సంగతి చూసుకోని పరీక్ష, రాళ్లున్న తక్కెడలో తూచినట్టే.

ఇప్పుడు అడగండి. ఈ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెప్పింది? "ఈ పదార్థం, ఈ మోతాదులో, మూడు రోజుల్లో, ఈస్ట్రోజెన్ లేని ఎలుకలో గర్భసంచిని పెంచిందా?" అన్న ఒక్క ప్రశ్నకే. నెలసరి సరిగ్గా వస్తుందా, పీసీఓడీ తగ్గుతుందా, ఆరు నెలలు తింటే ఏమవుతుంది, కడుపుతో ఉన్నప్పుడు తింటే బిడ్డకు ఏమవుతుంది అనే వాటికి ఇందులో జవాబు లేదు. డబ్బా మీద రాసేవాళ్లు మాత్రం అన్నిటికీ ఇదే జవాబు అన్నట్టు రాస్తారు.

మనందరికీ తెలిసిన చెట్టునే తీసుకుందాం. మోదుగ. ఆకులతో విస్తర్లు కుట్టుకుంటాం, పూలతో హోలీ రంగు చేసుకుంటాం. 1986లో అచ్చయిన ఒక భారతీయ పరిశోధనలో మోదుగ గింజల నుంచి బ్యూటిన్ అనే పదార్థాన్ని విడదీసి, కడుపు నిలిచే తొలి ఐదు రోజులు ఆడ ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చారు. ఒక్కో ఎలుకకు 5 మిల్లీగ్రాములు ఇస్తే 40 శాతం ఎలుకల్లో, 10 ఇస్తే 70 శాతంలో, 20 ఇస్తే 90 శాతంలో కడుపు నిలవలేదు. అంతకంటే చాలా తక్కువ మోతాదులో కూడా గర్భసంచి బరువు పెరిగింది. అంటే అది బలహీనమైన ఈస్ట్రోజెన్ లాగా పనిచేసింది.

ఇది చదివి ఇద్దరు రెండు రకాలుగా పరుగెత్తొచ్చు. ఒకరు "చూశారా, మోదుగ గింజ గర్భనిరోధక మందు" అని పొడి కొట్టి అమ్మొచ్చు. ఇంకొకరు "మోదుగ విస్తరిలో తింటే పిల్లలు పుట్టరు" అని భయపెట్టొచ్చు. రెండూ ఆ పేపరులో లేవు. వాళ్లు ఇచ్చింది గింజ నుంచి తీసిన శుద్ధమైన పదార్థం, గింజ పొడి కాదు, ఆకు అసలే కాదు. ఎలుక లెక్కను మనిషికి మార్చడం కూడా తేలిక కాదు. 200 గ్రాముల ఎలుకకు 20 మిల్లీగ్రాములంటే కిలోకు 100. దాన్ని 60 కిలోల మనిషికి ఉత్త బరువు లెక్కన హెచ్చిస్తే 6 గ్రాములు వస్తుంది. మందుల పరిశోధనలో వాడే ఒంటి ఉపరితలం లెక్కన చూస్తే సుమారు ఒక గ్రామే వస్తుంది. లెక్క కట్టే పద్ధతి మారితేనే ఆరింతల తేడా! ఈ రెండు అంకెల్లో ఏదీ మనిషి వేసుకునే మోతాదు కాదు. పరిశోధకులు తర్వాతి పరీక్ష ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకునే అంకెలు మాత్రమే. మోదుగ గింజ పొడి ఎవరైనా గర్భం రాకుండా అని ఇస్తే తీసుకోవద్దు, చెల్లెళ్లూ. గర్భనిరోధక మాత్రలు పీహెచ్‌సీలో ఉచితంగానే ఇస్తారు.

మోతాదు ఒక్కటే కాదు, మన పొట్టలు కూడా వేరు. గొర్రెను దెబ్బతీసిన ఈక్వోల్‌ను మొదట 1932లో చూడి గుర్రం మూత్రంలో కనిపెట్టారు. ఆ పేరు కూడా గుర్రం నుంచి వచ్చిందే. ఎలుకలకు సోయా పెడితే దాదాపు అన్నీ పేగుల్లోని సూక్ష్మజీవుల సాయంతో ఈక్వోల్ తయారు చేస్తాయి. మనుషుల్లో అందరూ చేయలేరు. పాశ్చాత్య దేశాల్లో నలుగురిలో ఒకరు, మహా అయితే ముగ్గురిలో ఒకరు చేస్తారు. జపాన్, కొరియాల్లో సుమారు సగం మంది చేస్తారు. అంటే ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ఒకే పొడి తింటే ఒకరి ఒంట్లో బలమైన పదార్థం తయారవుతుంది, ఇంకొకరి ఒంట్లో కాదు. జంతువుల్లోనూ అంతే. అదే క్లోవర్ మేతకు ఆవులు గొర్రెలంతగా దెబ్బతినలేదు. అమెరికాలో జూలలో పెంచే చిరుతలకు, అదే చీతాలకు, తిండిలో కలిపిన సోయా వల్లే సంతానలేమి, కాలేయ జబ్బు వచ్చి ఉండొచ్చని 1987లో పరిశోధకులు రాశారు. ప్రతి జంతువూ తన ఒంటి సంగతే చెప్తుంది. మన సంగతి మన మీద, మన తిండి తినేవాళ్ల మీద జాగ్రత్తగా చూసి తెలుసుకోవాల్సిందే.

"అట్లయితే ఎలుకల్ని ఎందుకు చంపడం, నేరుగా మన పెద్దల అనుభవమే చాలదా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. మన నాటు వైద్యులను మేము తక్కువ చేయం. కానీ ఒక్కసారి గుర్తు చేసుకోండి, మన పెద్దలు మందు ఎట్లా ఇస్తారు? మనిషిని చూస్తారు, ఏ కాలంలో తవ్విన దుంపో చూస్తారు, ఇన్ని రోజులే అంటారు, పథ్యం చెప్తారు, బాలింతకు వేరు, కన్నెపిల్లకు వేరు. కడుపుతో ఉన్నామెకు కొన్ని అసలు ఇవ్వరు. అది ఒక పద్ధతి. సంతలో డబ్బా అమ్మేవాడు ఆ మొక్క పేరు మాత్రమే తీసుకున్నాడు, పద్ధతి మొత్తం వదిలేశాడు. రోజూ రెండు చెంచాలు, ఎన్ని నెలలైనా, ఎవరైనా సరే అంటున్నాడు. ఇది తాతల మందు కాదు, తాతల పేరు పెట్టుకున్న కొత్త మందు. కొత్త మందుకు కొత్తగా పరీక్ష కావాల్సిందే.

మొక్క కూడా అదేనా అన్నది ఇంకో గొడవ. విదారీకంద అని బజార్లో దొరికే దుంప ఒకే మొక్కది కాదు. నేలగుమ్మడి, దారిగుమ్మడి అని ప్రాంతానికో పేరుతో పిలిచే రెండు వేర్వేరు తీగల దుంపలు ఆ పేరుతో అమ్ముతారు. ఒకటి చిక్కుడు జాతిది. అందులో ప్యూరారిన్, డైడ్జీన్ లాంటివి ఉన్నాయి. ఇంకొకటి చిలగడదుంప జాతిది. ఒకదాని మీద ఎలుకల్లో చేసిన పరీక్ష రెండోదానికి పనికిరాదు. తీగ ఆకు చూసి ఇది ఫలానా అని చెప్పగలిగేది అడవిలో తిరిగిన మన అవ్వ, తాతే. సైన్సుకు వాళ్లు కావాలి, వాళ్లకు సైన్సు కావాలి అనేది ఇక్కడే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు మా బాధ చెప్తాం. ఎలుక మీద, కణాల మీద సరిగ్గా జరగని పరీక్ష ఆగిపోదు. అది మన అక్కచెల్లెళ్ల మీద జరుగుతుంది. తేడా ఒక్కటే, అక్కడ రికార్డు రాస్తారు, ఇక్కడ రాయరు. నెలసరి తప్పడానికి రక్తహీనత కారణం కావొచ్చు, థైరాయిడ్ కావొచ్చు, పీసీఓడీ కావొచ్చు. కారణం తెలుసుకోకుండా నెలల తరబడి పొడి తిన్న పిల్లకు ఏమైనా అయితే ఎవరు లెక్క రాస్తారు?

సంతకం లేని పరీక్ష అంటే ఏమిటో మన ప్రాంతానికి తెలుసు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం మండలంతో సహా, 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు సుమారు 14 వేల మందికి ఒక ప్రాజెక్టు కింద హెచ్‌పీవీ టీకా వేశారు. అందులో గిరిజన హాస్టళ్ల పిల్లలు చాలామంది ఉన్నారు. తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టిన ఫారాలు తర్వాత బయటపడ్డాయి. 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్టాండింగ్ కమిటీ దాన్ని గట్టిగా తప్పుపట్టింది. ఆ సమయంలో జరిగిన మరణాలకు టీకా కారణం కాదని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదా చెడ్డదా అనేది ఇక్కడ మా మాట కాదు. ఏం ఇస్తున్నారో, దేని మీద ముందు పరీక్షించారో, మాకు అర్థమయ్యేలా చెప్పి అడిగారా అనేదే మా మాట. టీకాకైనా పొడికైనా అదే ప్రశ్న.

ఎలుకల సంగతి కూడా మరిచిపోవద్దు. అడవిలో అవసరానికి మించి వేటాడకూడదని మనకు మన పెద్దలు నేర్పారు. ల్యాబులోనూ అదే నీతి ఉండాలి. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో ఒక ఎథిక్స్ కమిటీ ఒప్పుకుంటేనే జంతువుల మీద ప్రయోగం చేయాలి. ముందు గాజు గిన్నెల్లో కణాల మీద చూసి, అక్కడ ఏమైనా కనబడితేనే జంతువు దాకా వెళ్లాలి. కొత్త మందుల విషయంలో జంతువులు లేని పద్ధతులను కూడా వాడొచ్చని 2023లో కేంద్రం నిబంధనలు మార్చింది. ఇది మంచిదే. అయితే ఒక్కటి గమనించండి. గిన్నెలో కణానికి పొట్ట లేదు, పేగుల్లో సూక్ష్మజీవులు లేవు. గొర్రెల కథ తేలింది పొట్టలోనే కదా. అందుకే ఇప్పటికిప్పుడు జంతువు అవసరం పూర్తిగా పోలేదు. తక్కువ జంతువులతో, సరైన ప్రశ్నతో, ఒక్కసారే సరిగ్గా చేయాలి. దాణా చూసుకోకుండా, మొక్క గుర్తించకుండా చేసిన పరీక్షలో చచ్చిన ఎలుక ఊరికే చచ్చినట్టే.

ఇంకో మాట. పరీక్ష జరిగి మొక్క మంచిదని తేలితే లాభం ఎవరికి? కేరళలో కాణి తెగవాళ్లు అలసట తీరడానికి తినే ఆరోగ్యపచ్చ అనే మొక్కను 1987లో శాస్త్రవేత్తలకు చూపించారు. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. లైసెన్సు ఫీజులో, రాయల్టీలో సగం కాణి ప్రజలకు ఇవ్వాలని ఒప్పందం జరిగింది. లోటుపాట్లు ఉన్నా, వాటా అడగొచ్చని అది చూపించింది. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య కమిటీలు, ప్రజల రిజిస్టర్లు ఉండాలి. మీ పంచాయతీలో ఆ రిజిస్టర్ ఉందా? ఉంటే మన మొక్కల పేర్లు, మన వాడుక పద్ధతి అందులో ఎక్కాయా? వచ్చే గ్రామసభలో అడగండి.

చివరగా, ఎవరైనా "హార్మోన్లకు అడవి మందు, పరీక్షించారు" అంటే ఈ నాలుగూ అడగండి.

1. ఏ మొక్క? ఏ భాగం? ఎవరు గుర్తుపట్టారు?
2. ఏ జంతువు మీద? ఎన్ని రోజులు? ఆ జంతువు దాణాలో ఏముంది?
3. నోటి ద్వారా ఇచ్చారా, సూదితోనా? పొడి ఇచ్చారా, విడదీసిన పదార్థమా? ఎంత?
4. మనుషుల మీద చూశారా? ఎవరి మీద, వాళ్లకు చెప్పి ఒప్పించే చూశారా?

నాలుగిట్లో ఒక్కదానికి జవాబు రాకపోయినా డబ్బా తిరిగి ఇచ్చేయండి. నెలసరి ఇబ్బంది ఉన్న చెల్లెళ్లు సిగ్గుపడకుండా పీహెచ్‌సీకి వెళ్లండి, ముందు రక్తం పరీక్ష చేయించుకోండి. ఇప్పటికే ఏదైనా పొడి వాడుతుంటే డాక్టరమ్మకు దాచకుండా చెప్పండి, వీలైతే డబ్బా కూడా తీసుకెళ్లండి.

బీజెడ్‌సీ, ఫార్మసీ, వెటర్నరీ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకు ఇంకో మాట. మన మొక్కల మీద పేపర్లు చాలా వస్తున్నాయి. వాటిలో మన ఊళ్ల పేర్లు, మన పెద్దల పేర్లు ఉండవు. ఎథిక్స్ కమిటీల్లో, ల్యాబుల్లో, పేపరు రాసే చోట మన వాళ్లు కూర్చోవాలి. అవ్వకు తీగ తెలుసు. మనం తూకం నేర్చుకుందాం.